తాపీ శిక్షణలో విప్పి మళ్లీ కట్టే గోడకు ఏ మాలు (ఇటుకల మధ్య పరిచే ముద్ద) వాడాలి?

అమలాపురం వైపు పదో తరగతి దాటిన 8 మంది కుర్రాళ్లకు తాపీ పని నేర్పుతున్నాం. మీటరు పొడవు, మీటరు ఎత్తు తొమ్మిదంగుళాల గోడకు మనిషికి సుమారు 100 ఇటుకలు పడతాయి. 1:6 (సిమెంటు 1, ఇసుక 6 పాళ్లు) సిమెంటు మాలుతో కడితే విప్పేటప్పుడు ఇటుక విరుగుతోంది. వారం వారం కొత్త ఇటుక కొనలేం. ఇక్కడి ఒండ్రుమట్టితో కడితే విప్పడం తేలికే. కానీ అది తాపీకి బంకలా పట్టేస్తుంది, ఆరాక కుంచించుకుపోయి వరసలు కుంగుతాయి. అప్పుడు గోడ తూకపు గుండుకి సరిగ్గా నిటారుగా రాకపోతే తప్పు చేతిదో మట్టిదో చెప్పలేం. నేర్పేవాళ్లకి ఇంతకంటే చిక్కు లేదు.

అందుకే సున్నం 1, ఇసుక 3 పాళ్లు అనుకుంటున్నాం. గోదావరి ఇసుక తడిగా ఉంటే ఉబ్బి తట్టల లెక్క తప్పిస్తుంది కాబట్టి ఆరబెట్టే కొలుస్తాం. ఇటుక నానబెడతాం, ఇటుకల మధ్య సందు 10 మి.మీ.

తెలిసినవాళ్లు చెప్పండి: ఈ మాలు తాపీ మీద సిమెంటు మాలులాగే నడుస్తుందా? ఎన్ని రోజుల్లోపు విప్పాలి? విప్పిన మాలు జల్లించి ఎన్నిసార్లు వాడొచ్చు? సున్నాన్ని ఎన్నాళ్లు నీళ్లలో ఉంచాలి? కుర్రాళ్లకు గ్లౌజులు, కళ్లద్దాలు ఇస్తున్నాం, ఇంకేమైనా జాగ్రత్త కావాలా?