విమానం మీద లేజర్ ఆయుధం: అడ్డొస్తున్నది శక్తా, వేడా, గాలా?

నీలిమేఘం (ప్రశ్న):
నేల మీద, ఓడల మీద పెట్టిన లేజర్లు డ్రోన్లను కూలుస్తున్నాయి. అదే 50 కిలోవాట్ల లేజర్‌ను ఫైటర్ రెక్క కింద పాడ్‌లో (రెక్కకు వేలాడదీసే డబ్బాలో) పెడితే మీదికొచ్చే క్షిపణిని కాల్చెయ్యొచ్చు కదా? కాంతివేగంతో తగులుతుంది, తూటాలు అయిపోయే బాధ లేదు. అయినా అమెరికా 747 మీద పెట్టిన లేజర్‌ను పక్కన పెట్టింది, ఫైటర్ పాడ్ కోసం నడిపిన షీల్డ్ కార్యక్రమమూ 2024లో గాల్లోకి లేవకుండానే ముగిసింది. అసలు చిక్కు ఎక్కడ? అంకెలతో చెబితే బాగా అర్థమవుతుంది.

కటకం:
లేజర్ ఎన్ని కిలోవాట్లన్నది ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. లక్ష్యం మీద చదరపు సెంటీమీటరుకు ఎన్ని వాట్లు పడుతున్నాయి, ఆ చుక్క అదే చోట ఎంతసేపు నిలుస్తోంది అన్నవే తేలుస్తాయి.

ఎంత మంచి బీమ్ (కాంతిపుంజం) అయినా దూరం పోయేకొద్దీ విచ్చుకుంటుంది. చుక్క వ్యాసం సుమారుగా 2.44 × తరంగదైర్ఘ్యం × దూరం ÷ బీమ్‌ను పంపే అద్దం వ్యాసం. ఫైబర్ లేజర్‌కు (గాజుపోగులో కాంతి పుట్టించే లేజర్‌కు) తరంగదైర్ఘ్యం 1.07 మైక్రాన్లు అనుకోండి. 30 సెం.మీ. అద్దంతో 5 కి.మీ. దూరాన చుక్క 4.4 సెం.మీ. ఉంటుంది. పాడ్‌లో చోటు చాలక 10 సెం.మీ. అద్దంతో సరిపెట్టుకుంటే 13 సెం.మీ. అవుతుంది, అంటే వైశాల్యం తొమ్మిది రెట్లు. దారిలో నష్టాలు పోను 30 కిలోవాట్లు చేరాయనుకుంటే పెద్ద అద్దంతో చ.సెం.మీ.కు 2 కిలోవాట్లు, చిన్నదానితో 225 వాట్లు.

2 మి.మీ. అల్యూమినియం రేకు కరగాలంటే చ.సెం.మీ.కు దాదాపు 550 జౌళ్లు లోపలికి ఇంకాలి. రంగు వేసిన రేకు పడిన కాంతిలో 40 శాతం పీల్చుకుంటే మొదటి లెక్కలో 0.7 సెకను, రెండో లెక్కలో ఆరు సెకన్లు. ఆ ఆరూ కాగితం మీదే. అంత నెమ్మదిగా కాలిస్తే వేడి పక్కలకు పాకిపోతుంది, ఎదురుగాలి కొంత లాగేస్తుంది, రేకు అసలు కరగకపోనూవచ్చు.

దీనికి తోడు వణుకు. 10 మైక్రోరేడియన్ల (కోణానికి అతి చిన్న కొలత) వణుకు 5 కి.మీ. దగ్గర 5 సెం.మీ. అవుతుంది. చుక్క వెడల్పే అంత! నేల మీద బండి కదలకుండా నిలబడి కాలుస్తుంది. రెక్క కింద పాడ్‌కు ఆ సుఖం లేదు. అందుకే నా దృష్టిలో వాట్ల కన్నా ముందు అద్దం వ్యాసం గురించీ, వణుకు అదుపు గురించీ అడగాలి.

ఉష్ణమాపకం:
కటకం గారి లెక్కకు వేడి లెక్క కలపండి. పాడ్‌ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే.

కరెంటు నుంచి కాంతికి 33 శాతం సామర్థ్యం వేసుకుంటే 50 కిలోవాట్ల కాంతికి 150 కిలోవాట్ల కరెంటు కావాలి. మిగిలిన 100 కిలోవాట్లూ పాడ్ లోపలే వేడిగా మిగులుతాయి. కరెంటు వైపు నిజానికి అంత భయం లేదు: 5 సెకన్ల షాట్‌కు 750 కిలోజౌళ్లు, అంటే 0.21 యూనిట్. బ్యాటరీలో అంత దాచుకోవడం తేలికే, కానీ 300 వోల్టుల దగ్గర 500 ఆంపియర్లు ఒక్కసారిగా ఇవ్వగల బ్యాటరీ కావాలి.

అదే షాట్‌లో పుట్టే వేడి 500 కిలోజౌళ్లు. దాన్ని అప్పటికప్పుడు బయటికి తోయలేం, కాబట్టి కరిగే మైనంలో దాచుకుంటారు. కిలో మైనం కరగడానికి సుమారు 200 కిలోజౌళ్లు తీసుకుంటుంది. పది షాట్లకు 25 కిలోల మైనం చాలనిపిస్తుంది. కానీ మైనం వేడిని లోపలికి సరిగా పోనివ్వదు. వేడిని పంచే పల్చటి అల్యూమినియం పలకలు, గొట్టాలు, పంపు, ద్రవం అన్నీ కలిస్తే బరువు దానికి ఎన్నో రెట్లు. పది షాట్లయ్యాక మైనం మళ్లీ గట్టిపడేదాకా ఆగాల్సిందే. తూటాలు అయిపోవన్నది ఇక్కడే తేలిపోతుంది.

వేగంగా పోయే విమానం కదా, ఎదురుగాలితో చల్లార్చుకోవచ్చు అంటారు చాలామంది. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల గాలిలో మాక్ 0.9తో (ధ్వనివేగానికి 0.9 వంతు) పోతే ముక్కు దగ్గర ఆగిన గాలి 60 డిగ్రీలు దాటుతుంది. ఫైబర్‌కు కాంతిని అందించే లేజర్ డయోడ్లు గది ఉష్ణోగ్రతకు అటూ ఇటూగానే ఉండాలి. డిగ్రీకి సుమారు 0.3 నానోమీటర్ల చొప్పున వాటి తరంగదైర్ఘ్యం జరుగుతుంది. ఇటెర్బియం ఫైబర్ బాగా పీల్చుకునే 976 నానోమీటర్ల పట్టీ చాలా సన్నం. పది డిగ్రీలు పెరిగితే 3 నానోమీటర్లు పక్కకు పోతుంది, డయోడ్ల కాంతి ఫైబర్‌లో పూర్తిగా ఇంకదు, ఇంకనిది మళ్లీ వేడి అవుతుంది. ఇది ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయే లోపం. ఉష్ణోగ్రత హద్దు దాటగానే లేజర్‌ను ఆపేసే ఏర్పాటు తప్పనిసరి.

నీలిమేఘం:
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి 747లో చోటుకు, బరువుకు కొరత లేదు కదా. అది ఎందుకు నిలవలేదు?

రెక్కచాటు:
వైఏఎల్-1 (ఆ 747 లేజర్ విమానం పేరు) పనిచెయ్యలేదని చాలామంది అనుకుంటారు, అది సరికాదు. 2010 ఫిబ్రవరి 11న కాలిఫోర్నియా తీరం దగ్గర ద్రవ ఇంధన బాలిస్టిక్ క్షిపణిని అది ఇంకా పైకి లేస్తుండగానే కూల్చింది. ముక్కులో 1.5 మీటర్ల అద్దం, మెగావాట్ స్థాయి రసాయన లేజర్. క్లోరిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి ఉత్తేజిత ఆక్సిజన్ పుట్టిస్తారు, అది అయోడిన్‌కు శక్తినిస్తుంది, 1.315 మైక్రాన్ల కాంతి వస్తుంది. రేకుకు కన్నం పెట్టక్కర్లేదు. వేడికి మెత్తబడితే ట్యాంకు లోపలి ఒత్తిడే దాన్ని చీలుస్తుంది.

దెబ్బతీసింది దూరం. పై సూత్రంలోనే వేసి చూడండి: 300 కి.మీ. దగ్గర చుక్క 64 సెం.మీ. అంతకన్నా దగ్గరికి రావాలంటే శత్రువు గగనతలంలో 747ను గంటల తరబడి తిప్పాలి. ఉపయోగపడే దూరం నుంచి కొట్టాలంటే 20 నుంచి 30 రెట్లు శక్తివంతమైన లేజర్ కావాలని అప్పటి రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ 2009లో తేల్చి చెప్పారు. రసాయనాలు అయిపోతే కిందికి దిగాలి, నేల మీద ప్రమాదకరమైన రసాయనాల డిపో నడపాలి. 2011లో కార్యక్రమం ఆగింది, 2014లో విమానాన్ని తుక్కు చేశారు.

ఫైటర్‌కు ఇంకో శత్రువు తన చుట్టూ ఉన్న గాలే. బయటికి పొడుచుకొచ్చిన టరెట్ (బీమ్‌ను గురిపెట్టే, తిరిగే గుండు) మీద గాలి వేగం పుంజుకుని, విమానం మాక్ 0.55 దగ్గర ఉండగానే అక్కడ ధ్వనివేగాన్ని అందుకుంటుంది. టరెట్ వెనక గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది. సాంద్రత క్షణక్షణం మారే ఆ పొరలోంచి పోయిన బీమ్ చెదిరిపోతుంది. ముందుకు కాల్చడం నయం, వెనక్కి కాల్చడం కష్టం. తోకవైపు నుంచి తరుముకొచ్చే క్షిపణే అసలు బెడద అనుకుంటే ఇది చాలా పెద్ద లోటు.

కటకం:
రెక్కచాటు గారూ, గాలి అన్నిసార్లూ శత్రువు కాదు. 10 కి.మీ. ఎత్తులో గాలి సాంద్రత నేల దగ్గరున్నదాంట్లో మూడో వంతే. తేమ, దుమ్ము దాదాపు ఉండవు, మేఘాలు చాలావరకు కిందే ఉంటాయి. బీమ్ వల్ల గాలి వేడెక్కి, కటకంలా మారి బీమ్‌ను విచ్చుకునేలా చేసే బెడదా తగ్గుతుంది. నెమ్మదిగా ఎగిరే విమానంతో డ్రోన్ల మీదికి వెళ్లడమే ముందుగా గట్టెక్కే పని అని నా అభిప్రాయం. 2021 జూన్‌లో ఇజ్రాయెల్ ఒక చిన్న సెస్నా కారవాన్ నుంచి ఇలాగే డ్రోన్లను కూల్చి చూపించింది. ప్లాస్టిక్, కాంపోజిట్ రెక్కలకు అల్యూమినియం అంత వేడి అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. పై నుంచి కిందికి కాల్చినప్పుడు గురి తప్పిన బీమ్ నేల దాకా పోతుంది. 1 మైక్రాన్ కాంతి కంటికి కనబడదు, కానీ రెటీనా దాకా చేరుతుంది. లక్ష్యం వెనక ఏముందో తెలియకుండా మీట నొక్కకూడదు.

ఉష్ణమాపకం:
లేజర్లు విమానాల మీద ఇప్పటికే సేవలో ఉన్నాయని కూడా చెప్పాలి. పెద్ద రవాణా విమానాల మీది లెయిర్‌క్యామ్ లాంటివి వేడిని వెతుక్కుంటూ వచ్చే క్షిపణి కంటిలోకి లేజర్ కొట్టి దారి తప్పిస్తాయి. కాల్చడానికి కిలోవాట్లు కావాలి. తికమక పెట్టడానికి అందులో ఎన్నో వందల వంతు చాలు.

రాడార్‌తో వచ్చే క్షిపణికి ఇది పనిచెయ్యదు. కాల్చేద్దామంటే దాని ముక్కు సాధారణంగా సిరామిక్, వేడిని తట్టుకోవడానికే చేసింది, ఎదురుగా కనబడేదీ అదే. సెకనుకు ఒక కి.మీ. చొప్పున దగ్గరవుతుంటే 5 కి.మీ.లో మీకున్నది 5 సెకన్లు. కి.మీ. లోపలికి వచ్చాక పగిలినా ముక్కలు అదే వేగంతో వచ్చి తగులుతాయి, కాబట్టి చేతిలో మిగిలేది నాలుగు సెకన్లు. అందులో గుర్తించి, టరెట్ తిప్పి, చుక్కను నిలబెట్టడానికి ఒక సెకను తీసేయండి. రెండు క్షిపణులు కలిసి వస్తే ఒక్కోదానికి సెకనున్నర కూడా మిగలదు.