ఆరో క్లాసుల ఇంగ్లీష్ ఇమ్మర్షన్ అంటున్నరు, చేర్పియ్యాల్నా?

ఓరుగల్లు_నాన్న:
అందరికి నమస్తే. మా బిడ్డ సర్కార్ బడిల ఐదు అయిపోయింది, పేరుకు ఇంగ్లీష్ మీడియమే గానీ పుస్తకంల ఒక పేజీ తెలుగు ఒక పేజీ ఇంగ్లీష్ ఉంటది, సార్లు తెలుగుల చెప్తేనే దానికి ఎక్కుతది. ఇప్పుడు ఆరుకు మండి బజార్ దిక్కు ఒక ప్రైవేట్ బడి చూసినం, ఇమ్మర్షన్ అంటున్నరు, లెక్కలు సైన్స్ సోషల్ అన్నీ ఇంగ్లీష్‌లనే, గేట్ లోపలికొస్తే ఇంకో భాష మాట్లాడొద్దంట, మాట్లాడితే డైరీల రాస్తరంట. క్లాసుల ఉర్దూ పిల్లలు, లంబాడి పిల్లలు, మార్వాడి పిల్లలు అందరున్నరు, అది నాకు మస్తు నచ్చింది. కానీ బిడ్డ మాట్లాడుడే బంద్ జేస్తదేమో అని భయమైతుంది. తెలిసినోళ్లు జెర చెప్పున్రి.

కాజీపేట_టీచర్:
అన్నా, నేను హైస్కూల్‌ల సైన్స్ చెప్త. ఇంటి భాష బంద్ పెడితే అది ఇమ్మర్షన్ కాదు. దీనికి పేరొచ్చింది కెనడాల, క్యూబెక్ రాష్ట్రంల మాంట్రియల్ దగ్గరి సెయింట్ లాంబర్ట్‌ల, 1965ల. ఇంట్ల ఇంగ్లీష్ మాట్లాడే పిల్లలకు కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచ్‌ల చెప్పిన్రు, కానీ పిల్లలు మొదట్ల ఇంగ్లీష్‌ల జవాబిచ్చినా టీచర్‌కు అర్థమయ్యేది, ఎవ్వరూ తిట్టలే, తర్వాత ఇంగ్లీష్ పాఠాలు గూడ మొదలువెట్టిన్రు. అమెరికాల మయామిల కోరల్ వే బడైతే 1963లనే సగం ఇంగ్లీష్ సగం స్పానిష్, రెండు భాషల పిల్లలు ఒకే బడిల.

నా క్లాసుల తండా నుంచి వచ్చే పిల్లలకు తెలుగే రెండో భాష, ఇంగ్లీష్ మూడోది. ఫొటోసింథసిస్ ఇంగ్లీష్‌ల చెప్పి, కాసేపు పక్కపిల్లతోని లంబాడిల మాట్లాడుకోనిస్తే, తెల్లారి అదే పిల్ల బోర్డు కాడికొచ్చి ఇంగ్లీష్‌ల చెప్తది. నోరు మూయిస్తే దానికి అర్థమైందో లేదో నాకెట్ల తెలుస్తది? ఆరుల మొదలువెట్టుడు ఆలస్యమైతే కాదన్నా, కెనడాల గూడ ఆరు, ఏడు క్లాసులల్ల మొదలువెట్టేవి ఉన్నయి.

మట్టెవాడ_అమ్మీ:
భాయ్, మా ఇంట్ల ఉర్దూ. మా బాబు గిట్లాంటి బడికే పోయిండు, ఇంట్ల గలగల మాట్లాడేటోడు బడిల బాత్రూమ్‌కు పోవాలన్నా అడగనీకి భయపడ్డడు. వేరే బడిల మేడంకు ఉర్దూ వస్తది, అక్కడ చేర్పించినంక ఇంగ్లీష్ గూడ మంచిగొచ్చింది. చేర్పిచ్చే ముందు ఒక పూట క్లాసుల కూసోనియ్యమనుండ్రి, సార్లకు పిల్లల భాషలు ఏమేం వస్తయో అడుగుండ్రి. ఇంకోటి, మన తెలంగాణ 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడైనా పది దాకా తెలుగు చెప్పాలె, వారంల ఎన్ని పీరియడ్లు ఇస్తున్నరో టైమ్ టేబుల్ చూపియ్యమనుండ్రి. డైరీల రాసే రూల్ మాత్రం తీసేయమని గట్టిగనే అడుగుండ్రి, మీతోని ఇంకో నలుగురు తల్లిదండ్రులను తోల్కపోతే ఇంకా మంచిది.