టర్న్‌అరౌండ్‌ను ‘ముక్తాయింపు’ అనవచ్చునా?

ప్రశ్న: విజయనగరంలోని మా సంగీత మిత్రుల కోసం అమెరికా సంగీత రీతులైన బ్లూస్, జాజ్‌లను పరిచయం చేస్తూ ఒక వ్యాసం రాస్తున్నాను. అందులో పదేపదే వచ్చే ‘టర్న్‌అరౌండ్’కు, అంటే ఒక ఆవృత్తి చివర పాటను మళ్లీ మొదటికి మళ్లించే భాగానికి, ‘ముక్తాయింపు’ అని రాస్తే సరిపోతుందా? కర్ణాటక సంగీతపు వర్ణంలో పూర్వభాగాన్ని ముగించే ముక్తాయి స్వరం కాగానే మళ్లీ పల్లవి అందుకుంటాము గదా!

సమాధానం: అయ్యా, మీ ఊహకు ఆధారం లేకపోలేదు. 1919లోనే సంగీత కళాశాల వెలసిన ఊరివారికి ముందుగా వర్ణమే తోచడం సహజం కూడాను. కాని వర్ణం తెలియని పాఠకుడికి ‘ముక్తాయించారు’ అంటే ఇక చెప్పవలసింది ఏమీ మిగలలేదనే అర్థం. టర్న్‌అరౌండ్ చేసే పని అందుకు పూర్తిగా విరుద్ధమైనది.

పన్నెండు బార్ల బ్లూస్‌నే తీసుకుందాం; ఇక్కడ బారు అంటే నాలుగు దెబ్బల కొలత. సి స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుంటే, పదకొండో బారుకు పాట షడ్జమం మీది కార్డుకు, అంటే కలిపి ఒకేసారి పలికించే స్వరాల గుంపుకు, చేరుకుంటుంది. అక్కడే ఉండిపోతే అయిపోయినట్టు వినిపిస్తుంది కనుక, పన్నెండో బారులో వాద్యకారుడు పంచమం ఆధారంగా ఉండే జి సెవెన్త్ వేస్తాడు. అందులో పంచమంతోపాటు కాకలి నిషాదం, చతుశ్రుతి రిషభం, శుద్ధ మధ్యమం ఉంటాయి. వీటిలో నిషాదం అర మెట్టు పైనున్న షడ్జమం వైపు, మధ్యమం అర మెట్టు కిందనున్న అంతర గాంధారం వైపు లాగుతూ ఉంటాయి, ఆ రెండూ దొరికేది తిరిగి మొదటి బారులోనే. జాజ్‌వారు ఈ పదకొండు, పన్నెండు బార్లలో సి, ఎ సెవెన్త్, డి మైనర్ సెవెన్త్, జి సెవెన్త్ అనే నాలుగు కార్డులను రెండేసి దెబ్బల చొప్పున సర్దుతారు. ఎ సెవెన్త్‌లోని సి షార్ప్, అంటే మన శుద్ధ రిషభం, చెవిని డి మీదికి నెడుతుంది. ఇలా ఒక్కొక్క కార్డు తరువాతి దానికి దారి చూపుతుంది.

అందుచేత నేను ‘తిరుగుముఖం’ అనే మాటను సూచిస్తాను. సంత చేసుకుని ఇంటికి తిరుగుముఖం పట్టినవాడు ఇంకా ఇల్లు చేరలేదు, దారిలోనే ఉన్నాడు. పన్నెండో బారు స్థితి కూడా అదే. ‘మలుపు’ అందామా అంటే, అందులో తిరగడం ఉందే గాని, బయలుదేరిన చోటికే వెళ్లడం లేదు.

ప్రశ్న: పంచమం లేకుండా తిరిగి వచ్చే పద్ధతులకు కూడా ఈ మాట పనికివస్తుందా?

సమాధానం: నిక్షేపంగా పనికివస్తుంది. అమెరికన్ జాజ్ స్వరకర్త ట్యాడ్ డామెరన్ పేరు మీద ప్రసిద్ధమైన వరుసలో ఆధార స్వరాలు సి, ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్, డి ఫ్లాట్ అని నడిచి, ఆ డి ఫ్లాట్ (మన శుద్ధ రిషభం) నుంచి ఒక్క అర మెట్టు దిగి షడ్జమాన్ని పట్టుకుంటాయి. దారి వేరైనా తిరుగుముఖమే. మీ ‘ముక్తాయింపు’ను మాత్రం వదులుకోకండి: చివరి ఆవృత్తిలో ఈ తిరుగుముఖాన్ని మానేసి, షడ్జమం మీది కార్డుతో పాటను నిలిపివేస్తారు, అక్కడ ఆ మాట చక్కగా అతుకుతుంది. వ్యాసంలో మొదటిసారి ‘తిరుగుముఖం, అనగా టర్న్‌అరౌండ్’ అని రాసి, ఆపైన తెలుగు మాటనే కొనసాగించండి.