ఎర్జే గీతలో వచ్చిన మార్పుకు కారణం ఏమిటి?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనం బోధిస్తున్నాను. రామప్ప గుడి చుట్టూ బొమ్మల కథ అల్లాలని పూనుకున్న మా పిల్లలకు టిన్‌టిన్ అనే కుర్ర విలేకరి బొమ్మల కథల పుస్తకాలు చూపించాను. బెల్జియం చిత్రకారుడు ఎర్జే తొలి పుస్తకాలలో నేపథ్యం చాలాచోట్ల ఖాళీగా ఉండగా, తర్వాతి వాటిలో వీధి, గోడ, వాహనం అన్నీ నమ్మదగినట్టుగా కనిపిస్తాయి. ఇది చేతి సాధన వల్ల వచ్చిన మార్పా, పని పద్ధతి వల్ల వచ్చినదా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం (కరీంనగర్ నుంచి)

మాస్టారూ, పద్ధతి మారడమే అసలు కారణమని నా అభిప్రాయం. 1907లో బ్రస్సెల్స్‌లో పుట్టిన జార్జ్ రెమీ, ఎర్జే అన్న కలం పేరుతో 1929 జనవరి 10న ఒక దినపత్రిక వారి పిల్లల అనుబంధంలో టిన్‌టిన్‌ను ప్రారంభించారు. తొలి రెండు కథలు జరిగే సోవియట్ రష్యాను గానీ కాంగోను గానీ చూడకుండానే, అప్పుడు తన చుట్టూ చలామణిలో ఉన్న అభిప్రాయాలనే బొమ్మలకెక్కించారు. కాంగో కథలో ఆఫ్రికన్లను చూపిన తీరు నేడు చదువుతుంటే మనసు కష్టపడుతుంది.

1934లో, బ్రస్సెల్స్‌లో కళాభ్యాసం చేస్తున్న షాంఘై యువకుడు చాంగ్ చొంగ్‌రెన్‌తో ఆయనకు పరిచయమైంది. చైనా జనజీవనాన్ని, చరిత్రను, కుంచె పట్టే తీరును చాంగ్ ఆయనకు వివరించడమే కాక, ‘బ్లూ లోటస్’ కథలోని గోడల మీద చైనా లిపిలో కనిపించే రాతలను కూడా సమకూర్చారు. 1931లో రైలు పట్టాల వద్ద జరిగిన పేలుడును సాకుగా చూపి జపాన్ సైన్యం మంచూరియాను ఆక్రమించిన ఉదంతం ఆ కథలో చోటు చేసుకున్నది. ఒక దేశం గురించి ఆ దేశపు మనిషిని అడిగి గీయడం అక్కడే మొదలైందని నేను భావిస్తాను.

సమాధానం (జనగామ నుంచి)

పై మాటతో ఏకీభవిస్తూనే ఒక విషయం చేర్చదలిచాను. రెండవ ప్రపంచ యుద్ధంలో బెల్జియంను జర్మనీ ఆక్రమించిన కాలంలో జర్మన్ల అదుపులోని పత్రికకు ఎర్జే బొమ్మలు గీశారు. విముక్తి తర్వాత అరెస్టయ్యారు, కొంతకాలం పత్రికలలో పనిచేసే వీలు లేకపోయింది. పిల్లలకు ఆయన గురించి చెప్పేటప్పుడు దీనిని దాచకూడదు. 1946లో టిన్‌టిన్ పేరుతోనే వారపత్రిక వెలువడింది. 1950లో సహాయకులతో స్టూడియో ఏర్పడింది. చంద్రయానం కథకు రాకెట్ నమూనానే తయారు చేయించి, ఏ కోణం నుంచి గీసినా పొరపాటు రాకుండా చూసుకున్నారు.

నీడలు పెద్దగా వేయకుండా, స్పష్టమైన సరిహద్దు గీతలో చదునైన రంగు నింపే ఆయన తీరు మన పిల్లలకు కొత్తగా తోచదు. గుడ్డపై కథలు గీసే చేర్యాల నకాశీ పటాలలోనూ కథను నడిపించేవి గీత, చదును రంగులే.

ప్రశ్న అడిగినవారు

కృతజ్ఞతలు. అయితే ఫోటోలు చూసి గీయనివ్వవచ్చునా?

సమాధానం (ములుగు నుంచి)

తప్పకుండా ఇవ్వవచ్చును. ఎర్జే కూడా పత్రికల నుంచి కత్తిరించిన చిత్రాలను విషయాల వారీగా భద్రపరిచేవారు. కానీ రామప్ప గుడి ఉన్న పాలంపేట దగ్గరలోనే ఉన్నది కనుక, ముందుగా పిల్లలను అక్కడికి తీసుకువెళ్లి మదనికల (స్త్రీ శిల్పాల) భంగిమలను, స్తంభాల చెక్కడాన్ని, గర్భగుడిపై ఉండే విమాన గోపురంలోని తేలికైన ఇటుకల వరుసను గీయించండి. గుడి దగ్గర పనిచేసేవారితోనూ, ఊరి పెద్దలతోనూ మాట్లాడించండి. ఫోటోలో దొరకని కొలతలు, నడిచే దారులు వారి మాటలలో దొరుకుతాయి. కథలోని పాత్ర ఎటు నుంచి లోపలికి వచ్చి ఎక్కడ దాక్కోగలదో పిల్లలు అప్పుడే నిర్ణయించుకోవచ్చును.