గుండెల్లో మంట లేకుండానే గొంతులో ఆమ్లం: రోగికి నచ్చజెప్పడం ఎలా?

ప్రశ్న: మా నాన్నగారు 3 నెలలుగా మాటిమాటికీ గొంతు సవరించుకుంటున్నారు. కడుపులోని ఆమ్లం గొంతుదాకా ఎగదన్నుతోందని ఈఎన్‌టీ వైద్యులు చెప్పినా, ఛాతీలో మంటే లేదు కదా అని ఆయన నమ్మడం లేదు. ఎలా నచ్చజెప్పాలి?

జవాబు 1: నేను నర్సును. ఈ రోగుల్లో చాలామందికి మంట ఉండదు. అన్నవాహికకు ఉన్నంత రక్షణ స్వరపేటికకు లేనందున, ఆమ్లంతోపాటు పైకి వచ్చే పెప్సిన్ (కడుపులో ఆహారాన్ని అరిగించే ఎంజైము) కొద్దిపాటిదైనా హాని చేస్తుందని కాగితంపై బొమ్మ గీసి చూపితే ఒప్పుకుంటారు. ఆమ్లం తగ్గించే మాత్ర టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలని చీటీపై రాసివ్వండి. తిన్నాక వేసుకుని, పనిచేయలేదనేవారిని ఎందరినో చూశాను.

జవాబు 2: మాకు రాత్రి 10 గంటలకు ఆవకాయన్నం తిని వెంటనే పడుకునే అలవాటు మాన్పించడమే కష్టమైంది. మంచం తలవైపు కోళ్ల కింద 6 అంగుళాల చెక్కలు పెట్టాం. దిండ్లు పేర్చితే నడుము వంగి పొట్ట నొక్కుకుంటుంది. గుణం కనిపించడానికి 2 నెలలు పట్టింది.

జవాబు 3: మింగడం కష్టమైనా, బరువు తగ్గినా ఆగకుండా మళ్లీ చూపించండి.