కాపర్ డోడెసిల్ సల్ఫేట్ మైసెల్స్: బఫర్ పోయగానే విరిగిపోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం సోడియం డోడెసిల్ సల్ఫేట్, కాపర్ సల్ఫేట్ ద్రావణాలు కలిపి కాపర్ డోడెసిల్ సల్ఫేట్ చేశాను. లేత నీలం పలుకులు అభ్రకంలా మెరుస్తూ వచ్చాయి, చాలా సంతోషమేసింది. సోడియం రూపంలో మైసెల్స్ (సబ్బులాంటి అణువులు నీళ్లలో గుంపుగా చేరి కట్టే చిన్న ఉండలు) కట్టాలంటే 25 డిగ్రీల దగ్గర 8 మిల్లీమోలార్ దాకా గాఢత కావాలి, కాపర్‌కి అంతకంటే చాలా తక్కువ చాలు. లోహ అయాన్లు మైసెల్ అంచునే ఉంటాయి కాబట్టి పారానైట్రోఫినైల్ ఎసిటేట్ అనే ఎస్టర్ జలవిశ్లేషణ (నీటితో విడిపోవడం) వేగం పెరుగుతుందేమో చూడాలనుకున్నాను.

తీరా పీహెచ్ మారకుండా ఉంచే పొటాషియం ఫాస్ఫేట్ బఫర్ పోయగానే విరిగిన పాలలా ముద్దలు కట్టింది. పొటాషియం డోడెసిల్ సల్ఫేట్ మామూలు గది వేడిలో సరిగా కరగదని తెలుసు. ఫాస్ఫేట్ కూడా కాపర్‌ని లాగేసుకుంటోందా? ట్రిస్ అనే ఇంకో బఫర్ వాడదామంటే అదీ కాపర్‌ని పట్టుకుంటుంది. సోడియం హైడ్రాక్సైడ్‌తో సరిచేసిన మెస్ బఫర్, పీహెచ్ 6 దగ్గర, నయమా? ఎస్టర్ విడిపోతే వచ్చే పారానైట్రోఫినాల్ పసుపును 400 నానోమీటర్ల దగ్గర కొలిచే వేగం చూడాలి, ఆ పీహెచ్‌లో ఆ పసుపు బాగా తగ్గిపోతుందని టెన్షన్‌గా ఉంది. ఈ పని చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.