రెండు రూపాయల వడ్డీ ఉన్న ఇంట్లో డిస్కౌంట్ రేటు ఎంత వేయాలి?

పెన్నా దక్షిణం
నేను ఎంబీఏ రెండో సంవత్సరం ఫైనాన్స్ విద్యార్థినిని. మాది ఇందుకూరుపేట వైపు. ప్రాజెక్టు పనికి ఏదో ఒక కంపెనీ వార్షిక నివేదిక తీసుకుని నిష్పత్తులు వేసి ముగించడం ఇష్టం లేక, రెండెకరాల వరి పొలాన్ని వనామీ రకం రొయ్యల చెరువుగా మార్చాలన్న మా నాన్నగారి ఆలోచననే ఎంచుకున్నాను. తవ్వకం, గట్లు, ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు), జనరేటరు, కరెంటు లైను కలిపి 12,00,000 రూపాయలు అవుతాయి. ఏడాదికి రెండు పంటల మీద సీడు (రొయ్యపిల్లలు), మేత, కరెంటు, కూలీలు పోగా 4,00,000 మిగులుతాయని, అయిదేళ్ల తరువాత పరికరాలకు విలువ ఉండదని అనుకున్నాను. మా గైడు చెప్పిన 12 శాతం డిస్కౌంట్ రేటుతో (రాబోయే ఏళ్ల సొమ్మును నేటి విలువకు తగ్గించే రేటు) నికర వర్తమాన విలువ, అంటే ఆ నేటి విలువలోంచి పెట్టుబడి తీసేస్తే వచ్చేది, సుమారు 2,41,900 మిగులు చూపిస్తోంది. కానీ మా ఇంటికి దొరికే అప్పు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీది. 24 శాతంతో లెక్కిస్తే అదే చెరువు సుమారు 1,01,800 నష్టం చూపిస్తోంది. పుస్తకాన్ని అనుసరించాలా, ఇంటిని అనుసరించాలా?

ఒంగోలు అధ్యాపకుడు
అమ్మా, మీ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది, అది చాలామంది విద్యార్థులు చేసేదే. డిస్కౌంట్ రేటు అంటే మీ ఇంటివారు ఎవరి దగ్గర ఎంతకు అప్పు తెచ్చారన్నది కాదు. అంతే ముప్పు ఉన్న మరో చోట ఆ డబ్బు పెడితే ఎంత వచ్చేదో అది. పెట్టుబడి నిర్ణయం వేరు, నిధుల సేకరణ నిర్ణయం వేరు. సంస్థ విలువ దాని ఆస్తుల సంపాదన మీద ఆధారపడుతుందే తప్ప, ఆ సొమ్ము అప్పుగా వచ్చిందా వాటాగా వచ్చిందా అన్నదాని మీద కాదని మోడిగ్లియానీ, మిల్లర్ 1958లోనే చూపించారు. మీ చెరువు ఐఆర్ఆర్, అంటే నికర వర్తమాన విలువ సున్నా అయ్యే రేటు, 19.9 శాతానికి కాస్త తక్కువగా ఉంది. అంటే చెరువు మంచిదే, అప్పు చెడ్డది. అప్పు ఖరీదైనదని చెరువును తప్పు పట్టడం, నాసిరకం మేత వేసి రొయ్యను నిందించడం లాంటిది.

కొత్తపట్నం గట్టు
అధ్యాపకుల వారికి నమస్కారం. నేనూ ఎంబీఏ ఫైనాన్సే చదివాను, తరువాత చెరువు కూడా చేశాను, కాబట్టి రెండు వైపులా మాట్లాడే అర్హత ఉందనుకుంటున్నాను. మీరు చెప్పిన 1958 నాటి సిద్ధాంతానికి కొన్ని షరతులు ఉన్నాయి. పన్నులు ఉండకూడదు, దివాలా ఖర్చు ఉండకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా సంస్థకు దొరికే వడ్డీకే మామూలు మనిషికీ అప్పు దొరకాలి. ఆ మూడో షరతు మా ఊరి పొలిమేర దగ్గరే ఆగిపోతుంది. షరతులను వదిలేసి ఫలితాన్ని మాత్రమే నల్లబల్ల మీద రాస్తే విద్యార్థి ఏమవుతాడో నన్ను చూసి తెలుసుకోవచ్చు. 2009లో వనామీకి అనుమతి వచ్చాక చుట్టుపక్కల అందరూ టైగర్ రొయ్య వదిలి మారుతున్నప్పుడు నేను మీరు చెప్పిన పద్ధతిలోనే లెక్కవేసి దిగాను. రెండో పంటకే తెల్లమచ్చల వ్యాధి వచ్చింది. నా కాగితం మీద నికర వర్తమాన విలువ ఇప్పటికీ మిగులుగానే ఉంది, అమ్మేసిన ఎకరం మాత్రం తిరిగి రాలేదు.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి
ఇక్కడ మౌలికమైన తప్పు ఒకటి ఎవరూ గమనించలేదు. నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం కాదు. నెలనెలా చక్రవడ్డీ వేస్తే 26.82 శాతం. ఆ రేటుతో నష్టం సుమారు 1,63,300 అవుతుంది. ఎంబీఏ విద్యార్థి నామమాత్రపు రేటుకూ వాస్తవ రేటుకూ తేడా తెలియకుండా నివేదిక రాయరాదు.

ఐసెట్ 2
ఫైనాన్స్ తీసుకుంటే మంచిదా, హెచ్ఆర్ మంచిదా? ఎవరైనా చెప్పగలరు.

పొగాకు బ్యారన్
బ్యాంకు పెద్దలు మన్నించాలి. మా కొండపి వైపు ప్రామిసరీ నోటు మీద ఎవరూ నెలనెలా చక్రవడ్డీ వేయరు. మూడేళ్లకు నోటు కాలదోషం పడుతుంది కాబట్టి, అప్పటికి వడ్డీని అసలులో కలిపి తిరగరాస్తారు. అంటే నూరు రూపాయలు మూడేళ్లకు 172 అవుతాయి. దాన్ని ఏడాది రేటుగా మార్చి చూడండి, 19.8 శాతం దగ్గర ఆగుతుంది. అధ్యాపకుల వారు చెప్పిన ఐఆర్ఆర్‌కు వెంట్రుకవాసి కింద!

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి
నోటు తిరగరాయడం బ్యాంకింగ్ పద్ధతి కాదు. నెలవారీ వడ్డీని ఏడాది రేటుగా మార్చడానికి ఒకే సూత్రం ఉంది. 26.82.

పెన్నా దక్షిణం
మాకు అప్పు ఇచ్చేవారు ప్రతి సంక్రాంతికీ ఏడాది వడ్డీ తీసుకుంటారు. కాబట్టి మా విషయంలో సరిగ్గా 24 శాతమే. నేను అడిగింది అది కాదు.

ఒంగోలు అధ్యాపకుడు
షరతుల సంగతి నాకు తెలియనిది కాదు. అయితే 24 శాతాన్ని నేరుగా వేయడం కూడా శాస్త్రీయం కాదు; ముప్పుకు తగిన రేటు కావాలంటే స్టాక్ మార్కెట్లో నమోదైన రొయ్య మేత, ఎగుమతి కంపెనీల బీటాను (మార్కెట్‌తో పాటు షేరు ఎంత ఊగుతుందో చెప్పే కొలత) తీసుకుని, దాన్ని మార్కెట్ ఇచ్చే అదనపు రాబడితో గుణించి, ప్రభుత్వ బాండు రాబడికి జోడించి లెక్కించవచ్చు. ఇక బ్యాంకు అప్పు దొరకదనడం అతిశయోక్తి. 2018-19 బడ్జెట్‌లోనే కిసాన్ క్రెడిట్ కార్డును చేపల, రొయ్యల రైతులకు కూడా విస్తరించారు. వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లడం అలవాటే తప్ప అవసరం కాదు.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి
ఇక్కడ మాత్రం నేను అధ్యాపకులతో విభేదిస్తున్నాను. ఆ కార్డు సీడు, మేత లాంటి పంట ఖర్చులకు ఇచ్చే నిర్వహణ మూలధనం. చెరువు తవ్వడానికి కాదు. తవ్వకానికి టర్మ్ లోను (ఏళ్ల తరబడి వాయిదాల్లో తీర్చే అప్పు) కావాలి. తీర ప్రాంతంలో ఉప్పునీటి చెరువుకు 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద నమోదు పత్రం లేకపోతే ఆ దరఖాస్తును మేనేజరు పక్కన పెడతాడు. నేను కూడా పక్కన పెట్టినవాడినే.

కొత్తపట్నం గట్టు
మేత కంపెనీ బీటాను చెరువుకు అంటగట్టడమా? నా చెరువులో రొయ్య చచ్చినా, ఆ రోజు వరకూ వేసిన మేత డబ్బు మేత కొట్టుకు చేరవలసిందే. మా ఇద్దరి ముప్పూ ఒకటే ఎలా అవుతుంది? అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 2025 ఆగస్టులో 50 శాతానికి పెంచినప్పుడు ఎగుమతిదారు రైతుకిచ్చే కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క మీద కట్టే ధర) తగ్గించి సర్దుకోగలడు. మేత పోసేసిన రైతు ఎవరి మీద సర్దుతాడు? సర్, మీరు ఎప్పుడైనా కరెంటు పోయి, జనరేటరు మొరాయించి, తెల్లవారుజామున రొయ్యలు నీటిపైకి తేలుతుంటే గట్టు మీద నిలబడ్డారా? నిలబడి ఉంటే ప్రతి ఏడూ సమానంగా 4,00,000 వస్తుందన్న గడిని చూసి ఊరుకునేవారు కాదు.

చీమకుర్తి నల్లరాయి
గ్రానైట్‌లోనూ ఇంతే. క్వారీ లెక్కలన్నీ మొదటి రాయి పగుళ్లు లేకుండా వస్తుందనే మొదలవుతాయి.

ఒంగోలు అధ్యాపకుడు
వ్యక్తిగత విమర్శ అనవసరం. మీకు జరిగిన నష్టానికి సానుభూతి ఉంది కానీ, ఒక్క చెరువు చచ్చినంత మాత్రాన సిద్ధాంతం చావదు. మీలాంటి వారు భయపెట్టడం వల్లనే మా పిల్లలు వైవాకు నష్టం చూపించే నివేదికలు పట్టుకుని వస్తున్నారు. బయటి నుంచి వచ్చే పరీక్షకుడు ‘ప్రాజెక్టు లాభసాటి కాకపోతే దీన్ని ఎందుకు ఎంచుకున్నావు’ అని అడిగితే విద్యార్థి నోరు మెదపలేడు. 12 శాతం వేయమనడంలో గైడు ఉద్దేశం ఆ అమ్మాయిని గట్టెక్కించడమే. ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్నదీ అదే.

కొత్తపట్నం గట్టు
ఇప్పుడు విషయం బయటికి వచ్చింది. అంటే మనం ఇంతసేపూ డిస్కౌంట్ రేటు గురించి వాదించుకోలేదు. జవాబు ముందే నిర్ణయించి, దానికి సరిపోయే రేటు వెతకడాన్ని మీరు బోధన అంటున్నారు, నేను కాదంటున్నాను. వద్దని తేలిన లెక్కకు మార్కులు ఎందుకు రాకూడదు? నా నివేదికలో కూడా మొదట 20 శాతం రాసుకున్నాను. మా గైడు ఎర్ర సిరాతో కొట్టి పక్కన 12 వేశారు. మార్కులు బాగానే వచ్చాయి. ఆ కాగితాన్నే నమ్మి చెరువు తవ్వాను, అది నా బుద్ధి తక్కువ.

ఒంగోలు అధ్యాపకుడు
నివేదికను నమ్మి పొలం తవ్వమని ఏ గైడూ చెప్పడు. అది పరీక్ష కోసం చేసే అభ్యాసం.

పెన్నా దక్షిణం
క్షమించండి సర్, మా ఇంట్లో అది అభ్యాసం కాదు. ఇంతవరకూ చెప్పలేదు, అప్పు ఇచ్చేది మా మేనమామ. చెరువు తవ్వమని పట్టుబడుతున్నదీ ఆయనే. నోటు మీద సంతకం మా అమ్మ చేయాలి. నేను ఫైనాన్స్ చదువుతున్నానని అందరూ నా మాట కోసం ఆగారు.

నిన్న రాత్రి మా నాన్నగారికి నికర వర్తమాన విలువ గురించి చెప్పబోతే ఆయన ఒకటే అడిగారు: ‘బావమరిది బాకీ ఏ ఏడు తీరుతుంది?’ అప్పుడు డిస్కౌంట్ చేయడం మానేసి ముందుకు లెక్కవేశాను. మొదటి సంక్రాంతికి 12,00,000కు 2,88,000 వడ్డీ కలిసి, 4,00,000 పోగా 10,88,000 మిగిలింది. అలా అయిదో ఏటి చివర ఏరేటర్లు పాతబడ్డాక కూడా 2,98,575 రూపాయల బాకీ నిలిచింది. ఆ అంకెను 24 శాతంతో అయిదేళ్లు వెనక్కి తెస్తే నాకు మొదట వచ్చిన 1,01,800 నష్టమే వస్తోంది. సూత్రం రెండేళ్లుగా బట్టీపట్టినా, అది ఇంట్లో మిగిలిపోయే బాకీ అని నాకూ నిన్ననే తెలిసింది. మా నాన్నగారికి మాత్రం వెంటనే అర్థమైంది. కాగితాన్ని ఆయనే మేనమామకు చూపించారు. మామయ్య కాసేపు చూసి, రూపాయిన్నర వడ్డీ అయితే ఎలా ఉంటుందని అడిగారు. 18 శాతంతో 50,900 దాకా మిగులుతోంది.

పొగాకు బ్యారన్
అమ్మా, మేనమామ చేత అర్ధ రూపాయి దించిన నివేదికకు ఆ పరీక్షకుడు ఎన్ని మార్కులు వేస్తాడో చూడాలని ఉంది.

కొత్తపట్నం గట్టు
తొందరపడకండి. మొదటి ఏడాది ఒక్క పంట పోతే 2,00,000 రాదు. 18 శాతం దగ్గర దాని వర్తమాన విలువ 1,69,500, మీ మిగులు 50,900. చచ్చిన పంటలో పోసిన సీడు, మేత ఖర్చు ఇంకా కలపనే లేదు. ఇంకొకటి, ఆ 4,00,000లో మీ అమ్మానాన్నల కూలి, వరి మానేసినందుకు పోయే ఆదాయం లెక్కవేశారా?

పెన్నా దక్షిణం
వేయలేదు. ఇంటివాళ్ల కూలి ఎవరూ లెక్కవేయరని వదిలేశాను. ఈ రాత్రికి రెండు వరుసలూ చేరుస్తాను. 12 శాతం పట్టికను కూడా తీసేయడం లేదు, గైడు అడిగారు కాబట్టి మొదటి పుటలో ఉంటుంది. అమ్మ సంతకం వైవా అయ్యేదాకా ఆపమన్నాను.

ఒంగోలు అధ్యాపకుడు
కూలి వరుసకు ఉపాధి పనుల కూలి రేటు వాడవద్దు, మీ ఊళ్లో చెరువు కాపలాకు నిజంగా ఇచ్చే జీతం వేయండి. పరీక్షకుడు అడిగితే ఎక్కడ తెలుసుకున్నారో చెప్పగలగాలి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి
రూపాయిన్నర అంటే 18 శాతం కాదు. నెలనెలా చక్రవడ్డీతో 19.56.